నాలుగు దండాలు

మొగుడు మల్లికార్జున్ దగ్గర్నుంచి ఫోను రాక ఆ గురువారానికి నాలుగు రోజులు. వస్తే రానీ, రాకపోతే పోనీ, ముందు నేను మాత్రం చెయ్యను అని కమలకుమారి భీష్మించుకుని కూర్చుంది. కూర్చుందన్న మాటే గానీ పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఫోను చేతిలోంచి దింపలేదు. స్నానానికి వెళ్తూ కూడా సబ్బు పెట్టుకునే అరలో పెట్టుకుంది.

నిజం చెప్పాలంటే ఆవిడ భయం నాలుగు రోజులది కాదు. పోయిన ఏడాది చివర్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో మనుషుల్ని తీసేస్తూ మల్లికార్జున్‌నీ తీసేశారు. యాభై మూడేళ్ళవాడు. అలాంటివాడు ఇంకెవరైనా అయితే ఇంకో ఉద్యోగానికి అప్లై చేసుకుంటాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఈ మహానుభావుడు నెల రోజులు సోఫాలో పడుకుని వీడియోలు చూసి, ఇండోనేషియాలో పేరు పలకడానికి నాలుక మడత పడే ఓ చిన్న దీవిలో, నలభై ఇళ్ళ పల్లెలో, సముద్రం ఒడ్డున స్థలం కొంటానన్నాడు.

"రెండు చెక్క ఇళ్ళు కట్టి టూరిస్టులకి ఇద్దాం కమలా. మూడోది మనకి. ఈ మంచులో ఇంకెన్నాళ్ళు చస్తాం? పైగా వాళ్ళు మనవాళ్ళేనే! తాతల కాలంలో బాలి నుంచి వచ్చి స్థిరపడ్డారట. గుడికి పూలు పట్టుకెళ్తారు. ఓం అంటారు. భాషలో సగం మనదే. భూమిని బూమి అంటారు, సాక్షిని సాక్సి అంటారు. ఇంకేం కావాలి?"

కమలకుమారికి చాలా కావాలి. నరసరావుపేటలో పుట్టిన మనిషి, సముద్రాన్ని ఎక్కడ చూసినా ఒడ్డున మెట్ల మీంచే చూసింది. ఇప్పుడు కెనడాలో, వాటర్లూలో ఫార్మసీ కౌంటర్లో ఉద్యోగం. బేస్‌మెంట్‌లో అద్దెకి ముగ్గురు స్టూడెంట్ అమ్మాయిలు. కాలేజీల్లో సెప్టెంబర్ ఇన్‌టేక్ మొదలైతే చాలు, గ్వెల్ఫ్ నుంచీ కెనడా లండన్ నుంచీ కూడా ఫోన్లు. "ఆంటీ, రూమ్ లేకపోయినా పర్లేదు, హాల్లో పరుపు వేసుకుంటాం" అని బతిమాలే పిల్లలు. ఆ అద్దెలే అక్కడ చెక్కలూ మేకులూ అయ్యాయి. మల్లికార్జున్ మార్చిలో వెళ్ళి అక్కడే మకాం పెట్టాడు.

అసలు గొడవ ఇళ్ళ గురించి కాదు, కింద ఉన్న నేల గురించి. ఆ దేశంలో బయటివాళ్ళు సొంతంగా భూమి కొనకూడదు. అందుకని పక్కింటి కెతుత్ అనే ఆయన పేరు మీద కొన్నారు. డబ్బు మాది, పేరు ఆయనది అని లోపల లోపల ఓ కాగితం. బినామీ అంటే ఏమిటో మనవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. కమలకుమారికైతే అసలే అక్కర్లేదు. వాళ్ళ త్యాగరాజు బాబాయి భూమి సీలింగు చట్టం వచ్చిన రోజుల్లో నాలుగెకరాలు పాలేరు పేరున పెట్టి, తర్వాత అడగడానికి వెళ్తే, ఆ ఇంట్లో కూర్చోమన్నవాళ్ళు లేరు.

ఆదివారం ఫోన్లో ఆ మాటే అంది. "భూమి వాళ్ళ పేరు మీద. దాని మీద ఇల్లు మీరు కట్టారు. రేపు మీరు లేకపోతే రెండూ ఎవరివండీ? ఓ రోజు పడవెక్కించి నడి సముద్రంలో తోసేస్తే అడిగే దిక్కెవరు?"

"నోరు మంచిదైతే ఊరు మంచిదౌతుంది కమలా" అని మల్లికార్జున్ ఫోను పెట్టేశాడు. పెట్టేసిన మనిషే కదా మళ్ళీ చెయ్యాలి. ఇరవై ఏడేళ్ళ కాపురంలో అదే పద్ధతి.

ఆయన చెయ్యలేదు. కెతుత్ భార్య కోమాంగ్ మాత్రం మెసేజీలు పెడుతూనే ఉంది. ఆవిడకి అదో అలవాటు. రోజూ పొద్దున్నే గుమ్మం ముందు ఆకుదొన్నెలో పూలు పెట్టి, అగరొత్తి వెలిగించి, ఫొటో తీసి పంపుతుంది. కమలకుమారికి ఆ మొగుడూ పెళ్ళాల మీద ఎంత అనుమానం ఉన్నా, దేవుడి పూలకి దండం పెట్టకపోతే పాపమని తిరిగి ఓ దండం బొమ్మ నొక్కేది. మన వాట్సాప్‌లో సగం స్నేహాలు అలా నడిచేవే.

సోమవారం ఫొటో లేదు, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వాక్యం వచ్చింది. 'ఓం స్వస్త్యస్తు ఇబు. సువామి ఇబు సకిత్.' కౌంటర్ ముందు ఏడుగురు లైన్లో ఉన్నారు. కమలకుమారి గబగబా చదువుకుంది. ఓం, స్వస్తి, స్వామి, శక్తి. ఏదో స్వామివారి ఉత్సవం అనుకుంది. ఇబు అంటే అమ్మా అని తెలుసు, మల్లికార్జున్ చెప్పాడు. దండం పెట్టింది.

మంగళవారం మళ్ళీ అదే మాట, చివర్లో 'కెరాస్' అని ఒక ముక్క ఎక్కువ. ఇంకో దండం. బుధవారం ఫొటో వచ్చింది. గుడి ముందు పల్లె పల్లెంతా బాసింపట్టు వేసుకుని, వేళ్ళ మధ్య పూలు పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఉత్సవం జోరుగా ఉందనుకుంది కమలకుమారి. ఈయనా వాళ్ళలో ఎక్కడో కూర్చుని ఉంటాడు, పెళ్ళాం మాత్రం గుర్తు రాదు, అని పళ్ళు కొరుక్కుని మూడో దండం పెట్టింది. గురువారం పొద్దున్న పెద్ద మెసేజే వచ్చింది. ఓ పక్క కుక్కర్ కూత, ఓ పక్క ఉద్యోగానికి వేళ. పైన ఓం అని ఉంది, కింద ఓం అని ఉంది. మధ్యలో ఏముందో చదవకుండానే నాలుగోది పెట్టేసింది.

అప్పుడే బేస్‌మెంట్ మెట్లెక్కి నిఖిల పైకొచ్చింది. జగిత్యాల పిల్ల, కాలేజీలో చేరి ఏడాది. చేతిలో చిన్న స్టీలు గిన్నె.

"ఆంటీ, పెరుగు తోడుకు ఇంత ఇస్తరా?"

"తీసుకో అమ్మా, ఫ్రిజ్‌లో ఉంది. ఇదిగో, ఇది చూడు. మీ అంకుల్ ఉండే ఊళ్ళో నాలుగు రోజులుగా ఉత్సవం. ఆయన మాత్రం మనకి ఫోను చెయ్యరు."

ఉత్తినే, ఎవరితోనైనా మొగుడి మీద నాలుగు మాటలు అనుకోవాలని ఫోను ఇచ్చింది. నిఖిల నవ్వుతూ అందుకుని చూసింది. కిందికి జరిపింది. నవ్వు ఆగింది.

"ఆంటీ, ఓం శాంతి అని ఎందుకు పెట్టిన్రు?"

"ఎక్కడ?"

"గిక్కడ చూడుండ్రి, లాస్ట్‌ల. ఓం శాంతి శాంతి శాంతి ఓం."

మన వాట్సాప్‌లో ఆ రెండు మాటలకీ ఒకటే అర్థం. మొన్ననే నిఖిల వాళ్ళ స్టూడెంట్ గ్రూపులో నూట నలభై మంది వరుసగా అదే పెట్టారు, ముఖం కూడా తెలియని ఒక పిల్లాడు పోతే. కమలకుమారి ఫోను లాక్కుని చూసింది. మూడు శాంతులు. గుడి ముందు కళ్ళు మూసుకున్న జనం. అందులో మల్లికార్జున్ ఎక్కడా లేడు. నిన్న వెతకలేదు, ఇప్పుడు వెతికితే లేడు. స్టవ్ పక్కన నేల మీదే కూలబడింది.

"పడవ" అంది. "పడవెక్కించి తోసేశారే. నేను అననే అన్నాను."

"ఆంటీ, ఉండుండ్రి. మనకు తెల్వని భాష. ఫోన్ ఇటియ్యుండ్రి, ట్రాన్స్‌లేట్ చేస్త."

నిఖిల రెండుసార్లు తప్పు నొక్కింది. ఆ అర నిమిషంలో కమలకుమారి ఎన్ని అనుకుందో చెప్పలేం. ఎవరికి చెప్పాలి, ఎలా తేవాలి, ఆ దీవికి దారేది, ఆదివారం అన్న ఆ మాటే ఆఖరి మాట అయిందా అని.

"ఆంటీ, ఉన్నడు! అంకుల్ ఉన్నడు!" అని నిఖిల అరిచింది. ఆ వెంటనే గొంతు తగ్గిపోయింది. "కానీ హెల్త్ బాగలేదంట. సువామి అంటే హస్బెండ్ అంట ఆంటీ. సకిత్ అంటే సుస్తీ. సోమారం పెట్టింది గదే. మీ భర్తకు సుస్తీ చేసింది. మంగళారం, మీ భర్తకు బాగా సుస్తీ. నిన్న, అందరం ఆయన కోసం మొక్కుకుంటున్నం అని."

"ఇవాళ్టిది?"

నిఖిల చదివింది. యంత్రం తెలుగు, ముక్కలు ముక్కలుగా ఉంది. మీ భర్తను పడవ మీద పెద్ద ఊరి ఆసుపత్రికి తెచ్చాము. డెంగీ. రక్తంలో ప్లేట్‌లెట్లు చాలా తగ్గాయి. ఆయన మందు తీసుకోవడం లేదు. మమ్మల్ని దగ్గరకు రానివ్వడం లేదు. అమ్మా, దయచేసి ఫోను చేయండి. అందరికీ శాంతి కలుగుగాక. ఆ ఓం శాంతి వాళ్ళు మాట ముగించేటప్పుడు అనే మాటట, మనం ఉంటానండీ అన్నట్టు.

దాని కిందే కమలకుమారి పెట్టిన దండం ఉంది. దయచేసి ఫోను చేయండి, దండం.

మనిషి బతికే ఉన్నాడన్న ఊరట ఒక్క గుక్క ఊపిరి సేపు నిలిచింది. ఆ తర్వాత వచ్చిన భయం మొదటిదాని కంటే పెద్దది. ఫార్మసీలో పదకొండేళ్ళుగా పనిచేస్తున్న మనిషికి ప్లేట్‌లెట్లు తగ్గడమంటే ఏమిటో తెలుసు. అంతకంటే ఆ ఇంకో మాట. దగ్గరకు రానివ్వడం లేదు. ఎందుకు రానివ్వడు? వాళ్ళేం చేశారు? అనుమానం పెనుభూతం. ఒక పక్క చెయ్యి నంబరు నొక్కుతోంది, ఇంకో పక్క ఆవిడ బుర్రలో త్యాగరాజు బాబాయి నాలుగెకరాలూ తిరుగుతున్నాయి.

అక్కడ అప్పటికే రాత్రి. వీడియో కాల్ రెండో రింగుకే ఎత్తారు. కోమాంగ్. ఎప్పుడూ పూలే గానీ ఆవిడ ముఖం చూసింది లేదు. ముప్పై అయిదేళ్ళుంటాయి, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఇబు! ఇబు!" అంటూ ఏడుపులోకి దిగి, ఏదో చెబుతూనే ఫోను పట్టుకుని వరండాలో పరుగెత్తింది. పైకప్పు, ట్యూబ్‌లైటు, ఎవరివో చెప్పులు కనిపించాయి. ఓ డాక్టర్ చేతికి ఫోను వచ్చింది. కుర్రవాడు, కూడబలుక్కుంటూ ఇంగ్లీషులో చెప్పాడు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. ప్లేట్‌లెట్లు ఎక్కించాలి. కెతుత్, ఇంకో ఇద్దరు పల్లెవాళ్ళూ రక్తం ఇచ్చారు, అంతా సిద్ధంగా ఉంది. కానీ ఈయన సూది రెండుసార్లు పీకేశాడు. స్పృహలో ఉన్న మనిషి వద్దంటుంటే నేనేం చెయ్యను, మేడమ్? తెల్లారేదాకా ఆగితే మాత్రం నేను చెప్పలేను. మీరు మాట్లాడండి.

తర్వాత మల్లికార్జున్ కనిపించాడు. కమలకుమారి నోరు కొంగుతో మూసుకుంది. మనిషి సగమయ్యాడు. పెదాల మీద ఎండిన రక్తం. కళ్ళు మాత్రం అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"కమలా, మెల్లిగా మాట్లాడు. వీళ్ళు ఇక్కడే ఉన్నారు."

"ఏవండీ..."

"నువ్వన్నది నిజమే. ఆదివారం నీ మీద కోప్పడ్డాను గానీ, నువ్వన్నదే నిజం. భూమి వాళ్ళది. ఇల్లు కట్టడం అయిపోయింది. ఇంక అడ్డం నేనొక్కడినే." ఊపిరి అందక ఆగాడు. "పడవెక్కించారు కమలా. నడి సముద్రంలో తోసేస్తారని ఆ చెక్క పట్టుకునే కూర్చున్నా. నాలుగు గంటలు. చేతులు వదల్లేదు."

కమలకుమారికి వినపడుతున్నవి తన మాటలు. అక్షరం పొల్లుపోకుండా తన నోటి మాటలే, నూట మూడు జ్వరంలో ఆయన నోట్లోంచి వస్తున్నాయి.

"వాళ్ళ రక్తం ఎక్కిస్తామంటున్నారు. ఏం కలిపారో ఎవరికి తెలుసు? నేనొద్దన్నాను. మంచినీళ్ళు కూడా వాళ్ళ చేత్తో తాగట్లేదు."

"అలా అనకండి. డాక్టరు చెప్పాడు, ఆగకూడదట. ఎక్కించుకోండి. నా మాట వినండి."

"నీకు తెలీదు. మోసం బయటపడింది. నేనే పట్టుకున్నా." ఆ నీరసంలోనూ ఆయన ముఖంలో చిన్న గర్వం. ఎప్పుడూ అంతే, ప్రోగ్రాములో తప్పు దొరికినప్పుడు అలాగే ఉండేది ముఖం. "సోమవారం నుంచీ మొత్తుకుంటున్నా, మా ఆవిడకి చెప్పండి, నా ఫోను తడిసిపోయింది, మీరు చెప్పండి అని. చెప్పాం అంటారు. ఇవాళ సాయంత్రం గట్టిగా అడిగితే ఫోను తీసి చూపించారు. అందులో ఏముందో తెలుసా? దండాలు! నా జ్వరానికి నువ్వు దండాలు పెట్టావట! నీ ఫొటో, నీ పేరు, అన్నీ పెట్టి దొంగ నంబరు తయారు చేశారు. ఎవర్ని నమ్మిస్తారే? నాకు ఒంట్లో బాలేదంటే నువ్వు కట్టుబట్టలతో విమానం ఎక్కే మనిషివి. దండం పెట్టి ఊరుకుంటావా? అక్కడే దొరికిపోయారు నాకు."

వెనకాల కోమాంగ్ నిలబడి ఉంది. ఆవిడ పక్కన సన్నగా, నల్లగా ఉన్న మనిషి, మోచేతి మడతలో దూది, దాని మీద ప్లాస్టర్. కెతుత్ అయ్యుండాలి. ఒక్క తెలుగు ముక్క రాదు కదా, తనని దొంగ అంటున్నారని తెలియక, ఈయన భార్య మాట్లాడింది, ఇంక ఈయన వింటాడులే అన్నట్టు ఫోను వైపు ఆశగా చూసి తల ఊపుతున్నాడు. కమలకుమారి ఆ మనిషి ముఖం చూడలేకపోయింది.

ఏదో ఒక అబద్ధం ఆడదామనే చూసింది. పాపం, మనిషే కదా. నెట్‌వర్క్ లేదు అందామా? దండాలు ఎలా వెళ్ళాయంటాడు. ఫోను ఎవరో వాడారు అందామా? ఎవరంటాడు. దొంగ నంబరేనండీ అంటే తన మీదికి ఏమీ రాదు. నేను మంచిదాన్నే, వాళ్ళే దొంగలు. ఆయన సూది పెట్టించుకోడు. తెల్లవారేసరికి ఆ మూడు శాంతులకీ మన అర్థమే మిగులుతుంది. తన మీద ఆయనకున్న నమ్మకమే ఆయన్ని చంపేలా ఉంది. దాన్ని తన చేత్తోనే విరగ్గొట్టాలి, వేరే దారి లేదు.

నిఖిల పక్కనే గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఎదిగిన పిల్ల ముందు, పరాయివాళ్ళ ముందు చెప్పాల్సిన మాట. కమలకుమారికి చిన్నప్పటి నుంచీ ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

"ఏవండీ, అవి నేనే పెట్టాను."

"ఏంటి?"

"ఆ దండాలు. నంబరు నాదే. నేనే పెట్టాను. సోమవారమే చెప్పారు వాళ్ళు. మంగళవారం చెప్పారు. రోజూ చెప్పారు. నాకే అర్థం కాలేదు. సువామి అంటే స్వామి అనుకున్నా. సకిత్ అంటే శక్తి అనుకున్నా. ఏదో పూజ అనుకున్నా. ఎవర్నీ అడగలేదు. చదవను కూడా చదవలేదండీ, పొద్దున్నది. వాళ్ళు ఏ మోసమూ చెయ్యలేదు. మీ కోసం గుడి ముందు ఊరంతా కూర్చుని మొక్కుకున్నారు. దానికీ దండం పెట్టాను. పడవ మాట నేను కోపంలో అన్నాను. ఆ మాట పట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకోకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

తెర మీద మల్లికార్జున్ ముఖం కదల్లేదు. ఫోను ఆగిపోయిందేమో అని కమలకుమారి దగ్గరికి లాక్కుని చూసింది. ఆగలేదు. ఆయన రెప్పలు కొడుతున్నాడు. ముఖంలో ఆ గర్వం లేదు. మెల్లిగా తల తిప్పి కెతుత్ మోచేతి మీది దూదిని చూశాడు. చాలాసేపు దాన్నే చూశాడు. మళ్ళీ ఇటు తిరిగాడు.

"నాలుగా?"

"నాలుగు."

"సరే. మెసేజీలు నీకు అర్థం కాలేదు." ఆయన గొంతు సరిగా వినపడలేదు. "నాలుగు రోజులు నా దగ్గర్నుంచి ఫోను లేదు కదా. అది అర్థమైంది కదా. నాది తడిసిపోయింది. నువ్వెందుకు చెయ్యలేదే?"

దీనికి మాత్రం అబద్ధం చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు.

"ముందు మీరు చేస్తారని."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. రెప్పల కింద నుంచి నీళ్ళు చెవి వైపు జారాయి. తర్వాత, కళ్ళు తెరవకుండానే, దుప్పటి కింది నుంచి చెయ్యి తీసి కెతుత్ ఉన్న వైపు చాపాడు. డాక్టర్ గబగబా వచ్చాడు. కోమాంగ్ ఫోను పక్కన పెట్టడంతో తెర మీద ఆసుపత్రి పైకప్పు ఒక్కటే మిగిలింది. వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి, ఒక్కటీ అర్థం కావడం లేదు. కమలకుమారి నేల మీద అలాగే కూర్చుని, ఏ మాటా వదలకుండా వింటోంది.